చిత్రము మీదైనప్పుడు పూచీ పరులదా?

కొరాపుట్, రాయగడ జిల్లాల వర్తక సంఘముల అధ్యక్ష కార్యదర్శులకును, మిల్లుల యజమానులకును, హోటళ్ళ వారికిని, రైతు ఉత్పత్తిదారుల సంఘముల కార్యవర్గములకును బహిరంగ లేఖ

మహాశయులారా,

మీ సరకును, మీ వసతిగృహమును, మీ కర్మాగారమును నలుగురికి ఎరుకపరచుటకై వీడియో తీయింపవలెనని తలపెట్టినప్పుడు, దానికి కావలసిన మనిషిని ఫోనులో కుదుర్చుకొని, అడ్వాన్సు చేతిలో పెట్టి, ‘ఇక అంతా అతడే చూసుకొంటాడు’ అని మీరు పక్కకు తప్పుకొనుచున్న పద్ధతిని నేనంగీకరింపజాలను. ఆ వీడియో వలన కలుగు బేరము మీది. అందులో కనబడు కొండలును, పొలములును, ముఖములును ఈ రెండు జిల్లాల ప్రజలవి. పూచీ మాత్రము కెమెరా మోసికొని వచ్చిన ఆ యొక్కనిది యగుట ఏపాటి న్యాయము? మీలో అనేకుల వీడియోలకు తెలుగు వ్యాఖ్యానము వ్రాసి యిచ్చుట నా వృత్తి గనుక, ఎడిటింగు ముగిసిన చిత్రములను ఒక్కొక్కప్పుడు మీకంటె ముందుగా చూచుచుందును. చూచి యూరకుండలేక ఈ లేఖ వ్రాయుచున్నాను.

కడచిన చలికాలమున ఒక వసతిగృహము వారి వీడియో నా యొద్దకు వచ్చినది. వారి పేరు చెప్పను. చెప్పినచో మిగిలినవారందరు ‘అది మేము కాము గదా’ యని ఊపిరి పీల్చుకొందురు. బిస్సంకటక్ సమీపమున నున్న చటికొన సంత అందులో కొన్ని క్షణములు కనబడును. బుధవారము నాడు నియమగిరి దిగి వచ్చు డోంగ్రియా కోదు స్త్రీలలో ఒకామె, ఎఱ్ఱని, పచ్చని, పసుపుపచ్చని దారములతో కుట్టిన శాలువ భుజముపై వేసికొని, కొప్పు నిండ పిన్నులు పెట్టుకొని, అరటిపండ్ల బుట్ట ముందు కూర్చుండి యున్నది. కెమెరా తన వైపు తిరుగగానే ఆమె కుడిచేయి పైకెత్తి, అరచేతిని ముందుకు చాచి, ముఖము పక్కకు త్రిప్పుకొన్నది. వద్దనుట ఇంతకంటె స్పష్టముగా ఎట్లుండును? అయినను, ఆ చేతి కదలిక వేగమును తగ్గించి, ముఖము పూర్తిగా తిరుగక మునుపే దృశ్యమును కత్తిరించి, వెనుక వేణునాదము నింపి, ఆ చేయి అతిథులను పిలుచుచున్నట్లు దానిని మార్చివేసినారు. దాని మీద నేను వ్రాయవలసిన వాక్యమును కూడ సూచించి పంపినారు: నియమగిరి పుత్రిక మీకు స్వాగతము పలుకుచున్నదట! నేను వ్రాయలేదు. ఆ ముక్క తీసివేయుడని యజమానికి ఫోను చేయగా, “అది మాకేటి తెలుసండీ, తీసినోడ్ని అడగండి” అని సమాధానము వచ్చినది. తీసినవానిని అడిగితిని. “సంతలో నాలుగు ట్రైబల్ షాట్లు కావాలన్నారు సార్, తెచ్చిచ్చాను. ఎవర్ని అడిగి తేవాలో వాళ్ళు చెప్పలేదు” అని అతడు చెప్పినాడు. ఇద్దరి నడుమ ఆమె నిరాకరణమునకు జవాబుదారి లేకపోయినాడు.

జవాబుదారి ఎవరో చట్టము చెప్పనే చెప్పినది. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, ఒకరి కోరికమీద, వారిచ్చిన ప్రతిఫలము పుచ్చుకొని తీసిన ఛాయాచిత్రమునకు గాని చలనచిత్రమునకు గాని, వేరొక ఒడంబడిక లేనియెడల, తీయించినవారే మొదటి హక్కుదారులు. కెమెరా అతనిదైనను, కన్ను అతనిదైనను, రాత్రులు మేలుకొని ఎడిటింగు చేసిన శ్రమ అతనిదైనను, చిత్రము మీది. ఈ సంగతి మీకు తెలియనిది కాదు. మీ వీడియోలోని జలపాతపు ముక్కను మరియొకరు తమ ప్రకటనలో వాడుకొన్ననాడు, మా సొమ్ము మమ్ములను అడుగక ఎట్లు తీసికొంటిరని మీలోనివారే గొడవకు దిగుట నేనెరుగుదును. ఆస్తి యని చెప్పుకొనునప్పుడు మీదగు చిత్రము, అపచారము జరిగెనని చెప్పినప్పుడు తీసినవానిదగుట ఎట్లు? మీ దుకాణపు తక్కెడలో లోపమున్నచో తక్కెడ చేసిన కమ్మరిని చూపి మీరు తప్పించుకొనగలరా?

ముఖముల విషయమున న్యాయస్థానములు ఇంకను తేటగా చెప్పియున్నవి. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో, ఒక మనిషి పేరును గాని రూపమును గాని అతని సమ్మతి లేక ప్రకటనలకు వాడుకొనుట ఆ మనిషి గోప్యతాహక్కునకు భంగమని సుప్రీంకోర్టు వివరించినది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత రాజ్యాంగము ఇచ్చిన ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. సంత బహిరంగ స్థలమే కదా, అక్కడ కెమెరా త్రిప్పినచో తప్పేమని మీలో కొందరు నాతో వాదించినారు. సంత బహిరంగమే. కాని పండ్లు అమ్ముకొన వచ్చిన స్త్రీ మీ గదులు అమ్మిపెట్టుటకు కూడ వచ్చినదా? ఆమె బుట్టలోని గెలకు బేరమాడి పైకమిచ్చు మీరు, ఆమె ముఖమునకు బేరమైనను ఆడకుండ ఎత్తుకొనిపోవుటను ఏమనవలెను?

పైగా ఇది నియమగిరి నేల. ఆ కొండ మీద బాక్సైటు త్రవ్వవచ్చునా కూడదా యను ప్రశ్న వచ్చినప్పుడు, 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు దానిని గ్రామసభల ముందుంచుడని ఆదేశించినది. ఆ జూలై ఆగస్టు మాసములలో, వానలలో, రాయగడ జిల్లాలో ఏడును కలహండి జిల్లాలో ఐదును, వెరసి 12 గ్రామసభలు న్యాయాధికారి సమక్షమున కూడినవి. కూడిన 12 సభలును వద్దనినవి. ఆ వద్దనుటకు కేంద్రప్రభుత్వము తలయొగ్గవలసి వచ్చినది. ప్రపంచ వార్తాపత్రికలన్నియు వ్రాసిన ఈ వృత్తాంతము మన గుమ్మము ముందర జరిగినది. ఎవరిని సర్కారే అడిగి, ఎవరి సమాధానమునకు కట్టుబడినదో ఆ మనుష్యులను, అర నిమిషపు వీడియో కొరకు మీరు అడుగనక్కరలేదని మీకు ఎవరు చెప్పినారు? ఒడిశా రాష్ట్రములో మిక్కిలి దుర్బల స్థితిలో నున్నవని ప్రభుత్వము గుర్తించిన 13 తెగలలో డోంగ్రియా కోదులు ఒకరు. వారి మాట తోసివేయుట సులభము గనుకనే వారిని అడుగుట మీ విధి.

ఆటపాటల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. అతిథుల కొరకు గదబ, పరజ తెగల స్త్రీలను రప్పించి, వసతిగృహపు ముంగిట ధెంసా నృత్యము ఆడించి, దానిని వీడియో తీయించుట నేడు మన జిల్లాలలో వాడుక. ఆడినందుకు ఆ సాయంకాలమునకు కొంత పైకమిచ్చుచున్నారు, కాదనను. అయితే ఆ సాయంకాలపు ఆట మీ వీడియోలో ఏండ్ల తరబడి ఆడుచునే యుండును గదా! 1994 సవరణతో కాపీరైటు చట్టము నర్తకులకు, గాయకులకు, వాద్యకారులకు తమ ప్రదర్శనముపై బలమైన హక్కు కల్పించినది; ఆ హక్కు 50 సంవత్సరములు నిలుచును; తమ పేరు చెప్పించుకొనుటకును, తమ ప్రదర్శనమును వికృతము చేసినచో అభ్యంతరపెట్టుటకును 2012 సవరణ వారికి అధికారమిచ్చినది. మీ చిత్రములలో ఎక్కడనైనను ధెంసా బృందము పేరు, ఊరి పేరు, మొహురి ఊదినవాని పేరు కనబడినదా? కనబడకపోగా, మొహురి ధ్వనియే తుడిచివేసి, ఆ అడుగుల క్రింద ఏదో సినిమా బాణీ తగిలించుచున్నారు. మొహురికిని డోలుకును లయ కుదిరి పడిన ఆ పాదములు, పరాయి తాళము మీద తడబడుచున్నట్లు కనబడును. చూచువాడు ఆడుటయే వారికి రాదనుకొనును. ఆ సినిమా పాట హక్కు కూడ మీది కాదు. మీరు చిత్రమునకు యజమానులైనంత మాత్రమున అందులో వాడిన పాటకు యజమానులు కాజాలరు.

ఇక మనిషిని కుదుర్చుకొను తీరు. రాయగడ, జయపురం, గుణుపురం స్టూడియోలలో పెండ్లిళ్ళు తీయువారున్నారు. రైలెక్కి వచ్చిన విజయనగరం, విశాఖపట్టణము వారున్నారు. మీరు అందరికి ఒకే సందేశము వాట్సాపులో పంపుదురు: ‘మూడు నిమిషాల వీడియో, డ్రోన్ కూడా ఉండాలి, రేటెంత?’ అందరికంటె తక్కువ కొటేషన్ పంపినవానికి పని. ఏమి చెప్పుటకు ఆ వీడియో, ఎవరు చూచుటకు, ఎక్కడ చూపుటకు, ఏ మాసమున తీయవలెను, ఎవరితో మాట్లాడవలెను అను ప్రశ్నలలో ఒక్కటియు మీరు చెప్పరు, అతడు అడుగడు. అడుగకపోవుట అతని లోపమే. అయితే పెండ్లి తీయువానికి పెండ్లి యెట్లు జరుగునో యెవరును చెప్పనక్కరలేదు. జీలకఱ్ఱ బెల్లము ఎప్పుడు పెట్టుదురో, తలంబ్రాలు ఎప్పుడు పోయుదురో, ఎచ్చట నిలువవలెనో అతనికి తెలియును. మీ జీడిపప్పు కర్మాగారములో, మీ కాఫీ తోటలో ఏది ముఖ్యమో అతనికెట్లు తెలియును? చెప్పవలసినవారు మీరు గాక మరెవ్వరు?

పొట్టంగి, నందపురం కొండలలోని కాఫీ తోటను ఉదాహరణముగా తీసికొందము. జయపురం సంస్థానపు రోజులలో, 1930 ప్రాంతమున, ఈ కొండలకు కాఫీ వచ్చినదని చెప్పుదురు. నేడు ‘కొరాపుట్ కాఫీ’ యను పేరు భువనేశ్వరము దాటి దూరదేశములకు పోవుచున్నది. దానిమీద వచ్చు వీడియోలలో నేను చూచినది ఒక్కటే వరుస: మబ్బులు, దేవమాలి శిఖరము, నవ్వుచున్న గిరిజన యువతి, పొగలెగయు కప్పు. ఆ కప్పులోని రుచి ఎక్కడ పుట్టినది? చలికాలపు ఉదయమున, మంచు విడిన పిమ్మట, నడుమునకు బుట్ట కట్టుకొన్న స్త్రీ ఒక్కొక్క రెమ్మను ఎడమచేత వంచి పట్టుకొని, పండి ఎఱ్ఱబారిన కాయలను మాత్రమే వ్రేళ్ళతో మెలిత్రిప్పి కోయును. పక్కనే యున్న పచ్చికాయను తాకదు. అదే రెమ్మకు కొన్ని దినములు గడచిన పిదప మరల వచ్చును. ఆనాడు కోసినవానికి ఆలస్యము చేయక పైతోలు తీసి, జిగురు పోవువరకు నానబెట్టి, కడిగి, ఎండబోయుదురు. ఎండబోసిన గింజలను పగలంతయు తిరుగవేయుచు, సాయంకాలము మంచు పడకమునుపే కప్పివేయుదురు. ఒక రాత్రి మరచినచో తేమ పట్టి, వాసన మారి, ఆ గింజ ధర పడిపోవును. ఎఱ్ఱనిదానికిని పచ్చనిదానికిని నడుమ ఆగిన ఆ చేయి, సాయంకాలపు ఆ తొందర, ఇవి మీ సరకు విలువను చెప్పును. ఇవి తీయవలెనన్నచో తీయువాడు ముందుగా ఒకమారు వచ్చి తోటను చూచుకొనవలెను. కోతల కాలమున, కనీసము ఒక ఉదయమును ఒక సాయంకాలమును అక్కడ గడపవలెను. మీరు ఆషాఢమున ఫోను చేసి, కొండలన్నియు ముసురులో నున్నప్పుడు ఒక్క పూటలో తీసికొనిపొమ్మన్నచో, అతడు మబ్బులు గాక మరేమి తీయగలడు?

కోట్‌పాడ్ నేతది మరియొక కథ. 2005లోనే భౌగోళిక గుర్తింపు పొందిన వస్త్రమది. మిర్గాను నేతగాండ్రు ఆల్ చెట్టు వేరి బెరడుతో నూలుకు రంగు పట్టించుటకు ఎన్ని దినములు ఆముదములోను, బూడిదనీటిలోను, పేడలోను దానిని నానబెట్టి, ఎండబెట్టి, మరల నానబెట్టుదురో చూపినచో, ఆ చీర ధర యెక్కువ యనువారు నోరు మెదపరు. వీడియోలో మాత్రము మగ్గము రెండు సెకండ్లు ఆడును. తరువాత ఆ చీర కట్టిన నగరవాసిని జలపాతము ముందు తిరుగుచుండును.

సత్యము విషయమునను మీ నిర్లక్ష్యము నన్ను భయపెట్టుచున్నది. కొరాపుట్ కాలాజీరా బియ్యమునకును, డోంగ్రియా కోదుల శాలువకును 2024 ఆరంభమున భౌగోళిక గుర్తింపు లభించినది. ఏండ్ల తరబడి రైతులును, ఆ తెగ స్త్రీలును నిలిపిన నాణ్యమునకు దక్కిన ముద్ర యది. ఆ మరుక్షణము నుండి, ఎక్కడినుండియో తెచ్చిన బియ్యపు సంచి మీద కూడ జయపురం పొలముల దృశ్యమును, ఎక్కడనో యంత్రము మీద కుట్టిన గుడ్డ పక్కన నియమగిరి దృశ్యమును పెట్టించుకొనువారు బయలుదేరినారు. ‘సరుకు చూపించలేదు కదండీ, పొలం చూపించాం’ అని ఒకరు నాతో అన్నారు. పక్కపక్కన పెట్టిన రెండు దృశ్యములు చూచువాని మనస్సులో ఒకటియే యగునని, వీడియో తీయించు మీకు తెలియకనే తీయించుచున్నారా? తప్పుదారి పట్టించు ప్రకటనలను నివారించుటకు 2022లో కేంద్రము మార్గదర్శకములు వెలువరించినది. వానికి జవాబు చెప్పవలసినవారిలో సరకు అమ్ముకొనువాడు ముందుండును. అదియట్లుంచి, ఆ మోసమున నష్టపోవువాడు నాలుగెకరములలో కాలాజీరా నిజముగా పండించిన మన జిల్లా రైతు. అతని నోటి ముందరి కూడు తీయుటకు అతని పొలపు బొమ్మనే వాడుకొనుట ఎంతటి క్రౌర్యమో ఆలోచించితిరా?

భాష సంగతి చెప్పక తప్పదు. మన సంతలలో ఒడియా, తెలుగు, కువి, దేశియా, సవర భాషలు కలగలిసి వినబడును. మీరు కుదుర్చుకొన్న మనిషికి వానిలో ఒకటియో రెండో వచ్చును. కార్మికురాలిని కెమెరా ముందు నిలువబెట్టి, ఆమెకు సరిగా రాని భాషలో వ్రాసిచ్చిన వాక్యమును చెప్పించుట, ఆమె తడబడగా విసుగుకొనుట, చివరకు ఆమె పెదవులు కదలుచుండగా వేరొకరి కంఠమును అతికించుట నేను చూచితిని. తనకు తెలిసిన పనిని తన భాషలో చెప్పినచో ఆమె యెంత ధాటిగా మాట్లాడునో! దానికి క్రింద తెలుగులోనో ఒడియాలోనో అక్షరములు వేసిన చాలును. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి సవరల భాషను వారి యొద్దనే నేర్చుకొని, వారి పిల్లలకు చదువు చెప్పించి, 1931లో ఆ భాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును లోకమునకు ఇచ్చినారు. ఆ సవరలే మన గుణుపురం సంతకు వచ్చుచున్నారు. పంతులుగారు జీవితమిచ్చిన చోట, ఒక దినమునకు ఒక దుబాసిని కుదుర్చుకొనుటకు, అతనికి కూలి యిచ్చుటకు మీ ఖర్చుల చీటీలో ఒక్క పంక్తి చోటు లేదా?

డ్రోను మీద మీకున్న మోజును గురించి క్లుప్తముగా చెప్పెదను. 2021 నాటి డ్రోను నియమముల ప్రకారము, 250 గ్రాములకు మించిన డ్రోనును వ్యాపారార్థము ఎగురవేయువానికి రిమోటు పైలటు ధ్రువపత్రము ఉండవలెను. ఎగురవేయు చోటు ఏ మండలములో నున్నదో డిజిటల్ స్కై పటములో ముందుగా చూచుకొనవలెను. కొరాపుట్ జిల్లాలోని సునాబెడలో విమానపు ఇంజన్ల కర్మాగారమున్నదని మరువరాదు. అనుమతి యున్నదా యని మీరడుగకుండ ‘పైనుంచి ఒక్క షాటు’ అని పట్టుబట్టినచో, పోలీసుస్టేషనులో కూర్చుండువాడు దానిని ఎగురవేసిన కుర్రవాడు.

ఆ కుర్రవాని పక్షమున కూడ నేను మాట్లాడవలసియున్నది. ఈ లేఖ అతని మీద ఫిర్యాదు అనుకొనెదరేమో. అతడును మీ నిర్లక్ష్యమునకు బలియైనవాడే. అడ్వాన్సుగా కొంత యిచ్చి, మిగిలినది ‘వీడియో చూసి ఇస్తాం’ అని, చూచిన పిమ్మట మార్పు మీద మార్పు చెప్పి, యజమానికి, తమ్మునికి, బావమరదికి, అందరికి నచ్చువరకు మరల మరల ఎడిటింగు చేయించి, నెలలు గడచిన పిదప కొంత కోసి యిచ్చుట మీలో కొందరి మర్యాద. ఎన్నిమార్లు మార్పులు చేయవలెను, అదనపు దినమునకు ఎంత, బండి ఖర్చు ఎవరిది, వాన వచ్చినచో ఏమి చేయవలెను, తీసిన మొత్తము దృశ్యములు ఎవరి యొద్ద ఎంతకాలముండవలెను అను మాటలు కాగితము మీద పెట్టుకొన్నచో ఇరువురికి క్షేమము. కాగితము లేనందుననే, నష్టము పూడ్చుకొనుటకు అతడు మీ కొరకు తీసిన దృశ్యములను మరియొకరికి అమ్ముకొనుచున్నాడు. ఒకే సంత, ఒకే ముఖము, ఒకరి హోటలు వీడియోలోను, వేరొకరి ఊరగాయ ప్రకటనలోను ప్రత్యక్షమగుచున్నది. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు స్వయముగా పండితులును రసజ్ఞులును. ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలు ఇచ్చిన దాత. ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలకు వారి పేరు పెట్టినారు. విద్యను, కళను పోషించుట గౌరవమని ఎంచిన ప్రభువు ఏలిన సీమలో, ఒక పనివాని కష్టమునకు ఒప్పుకొన్న పైకమును ఒప్పుకొన్న దినమున ఇచ్చుట మీకు భారమా?

మీలో ప్రభుత్వ ధనముతో, సహకార సంఘముల ధనముతో వీడియోలు తీయించువారున్నారు. మీకు నా విన్నపము మరింత గట్టిది. టెండరు పత్రములలో కెమెరా ఎన్ని కె నాణ్యముగలది యుండవలెనో, డ్రోను ఎన్ని నిమిషములు ఎగురవలెనో వ్రాయుదురు. చిత్రములో కనబడు మనుష్యుల సమ్మతి వారికి తెలిసిన భాషలో తీసికొనవలెనని, వారికి ప్రతిఫలమీయవలెనని, పూర్తియైన చిత్రమును ముందుగా వారికి చూపవలెనని ఒక్క వాక్యమైనను వ్రాసితిరా? అన్నిటికంటె తక్కువ ధరకు పని యిచ్చితిమని లెక్కలలో చూపుకొనుటకు వీలగును. ఎవరి సమ్మతిని తగ్గించి ఆ ధర తగ్గినదో లెక్కలలో కనబడదు. ప్రజాధనముతో తీసిన చిత్రములో ప్రజలే వారి యిష్టమునకు విరుద్ధముగా అలంకారవస్తువులగుట సహింపరానిది.

నా మట్టుకు నేను నిశ్చయించుకొన్నది చెప్పెదను. ఇకమీదట, ముఖము కనబడు ప్రతి మనిషి సమ్మతిపత్రమును, తీయువానితో మీరు చేసికొన్న ఒడంబడికను చూపనిదే ఏ వ్యాపార చిత్రమునకు వ్యాఖ్యానము వ్రాయను. సమ్మతిపత్రము వ్రేలిముద్ర వేయించుకొన్న ఒడియా కాగితమైనచో, చదివి వినిపించినది ఎవరని కూడ అడుగుదును. వ్యాఖ్యానములు వ్రాయు నా తోటివారిని, కంఠమునిచ్చువారిని కూడ ఇట్లే చేయుమని అర్థించుచున్నాను. పరబ్, చైతి ఉత్సవములలో మీ దుకాణముల ముందర తెరలు పెట్టి ఈ వీడియోలు ఆడింతురు గదా. ఆ తెరల ముందు నుండి ఆ చిత్రములలోని మనుష్యులే నడచిపోవుదురని గుర్తుంచుకొనుడు. మీ సంఘముల తదుపరి సర్వసభ్య సమావేశములలో ఈ విషయమును చర్చకు పెట్టి, మీ తీర్మానమేదో పత్రికాముఖమున ప్రకటింపుడు. ఆ సమావేశములకు వీడియో తీయు యువకులను, చటికొన, కుందులి సంతలకు వచ్చు స్త్రీలను, ధెంసా బృందముల పెద్దలను కూడ పిలువుడు. కువి, దేశియా మాటలను తెలుగులోను ఒడియాలోను చెప్పగలవారిని నేను నా ఖర్చుమీద వెంటబెట్టుకొని వత్తును.

ఇట్లు,
మీ హితైషి,
తెలుగు వ్యాఖ్యాన రచయిత,
రాయగడ